అంజమ్మ భుజం ఎందుకు మానలేదంటే

ఇబ్రహీంపట్నంలో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది మెట్ల కింద ఉండేది. ఉద్యోగం పూర్తయ్యేదాకా అక్కడ చాలామందికి నేను సిస్టరమ్మనే. నర్సును కానని, మందులు రాయనని, సూది వేయనని చెప్పి చెప్పి చివరికి ఊరుకున్నాను. సూది లేదంటే పిల్లలు సంతోషపడేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం బస్సెక్కి ఇంతదూరం వచ్చింది చేతులు పైకీ కిందికీ ఊపడానికా అన్నట్టు నా వైపు చూసేవాళ్లు.

ఇప్పుడు ఈ చదువు పూర్తి చేసిన పిల్లలు అప్పుడప్పుడు హయత్‌నగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. ‘భుజం కేసులు ఎట్ల చూడాలె మేడం?’ అని అడుగుతారు. పరీక్షల పేర్లు వాళ్లకు నాకంటే బాగా వచ్చు. ఆ పేర్లు నేను మళ్లీ వల్లించను. నా ప్రమోషన్ల సంగతి అసలే రాయను, తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి. నాకు పని నేర్పిన ఒకరిద్దరు మనుషుల గురించి చెబుతాను, ముఖ్యంగా ఒక ఆలుమగల గురించి.

చొక్కా విప్పేటప్పుడు చూడు

మా ఎముకల డాక్టరు గారికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక పేషెంటును మంచం మీద కూర్చోబెట్టి నా పరీక్షలు మొదలుపెట్టాను. ఆయన వెనక నుంచి వచ్చి, “ఆయన చొక్కా విప్పేటప్పుడు ఎక్కడున్నావమ్మా? సగం పరీక్ష అక్కడే అయిపోయింది, నువ్వు చూడలేదు” అన్నారు. ఆ రోజు నుంచి నేను చొక్కాలు, జాకెట్లు, కొప్పులు, జడలు చూడటం మొదలుపెట్టాను. భుజం బాగాలేని మనిషి మంచి చేతితో ముందు ఒక వైపు విప్పి, రెండో వైపు మెల్లగా జారవిడుస్తాడు. ఆడవాళ్లు జడ వేసుకోవాలంటే చెయ్యి పైకెత్తకుండా తలనే కిందికి వంచుతారు. అడిగితే ఇవేవీ చెప్పరు, ఎందుకంటే వాళ్లు అలా చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు.

భుజం కీలు గుంత లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తొందరగా పాడవుతుంది కూడా. దాన్ని చుట్టూ పట్టి ఉంచే నాలుగు కండరాల కొనలను కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వయసుతోనో, పనితోనో, దెబ్బతోనో ఆ కొనలు వాచినా, పీచులు లేచినా, చిరిగినా నొప్పి భుజం పైన కాకుండా కాస్త కిందికి, జబ్బ బయటి వైపు వస్తుంది. మనవాళ్లు అక్కడ పిసుక్కుంటూ వచ్చి ‘నరం పట్టింది’ అంటారు. నవ్వకండి. వేలు పెట్టిన చోటు నిజమే, పేరు ఒక్కటే తప్పు.

చెయ్యి పక్క నుంచి పైకి లేపమంటే సగం దూరంలో పట్టేస్తుంది, దాటితే మళ్లీ తేలికవుతుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. వాళ్లంతట వాళ్లు లేపలేని చెయ్యి మీరు పట్టుకుని లేపితే పైదాకా వస్తే, అనుమానం ఈ కొనల మీదికి పోవాలి. మీరు లేపినా రాకపోతే కీలే బిగుసుకుపోయిందేమో చూడండి, షుగర్ ఉందేమో అడగండి. మెడ కూడా తప్పకుండా చూడండి. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, గుండెలో బరువు అంటే మీ పరీక్షలన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తించండి.

చిరిగిందన్న మాట

మీర్‌పేట్ నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. స్కాన్ కవరును గుండెకు అదుముకుని కూర్చున్నాడు. రిపోర్టు చదివి చెప్పినవాళ్లెవరో ‘చిరిగింది’ అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ చేత్తో అన్నం కూడా తినడం లేదు, భార్య కలిపి పెడుతోంది. చూస్తే చెయ్యి లేస్తోంది, బలం కూడా పరవాలేదు. డాక్టరు గారు ఆయన వీపు మీద తట్టి, “ఈ వయసులో నాకు స్కాన్ తీసినా ఎక్కడో ఒక చిరుగు కనిపిస్తుందయ్యా. నేను తినడం మానేశానా?” అన్నారు. ఆయన చేతికి వ్యాయామం నేర్పడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ మాట మనసులోంచి తీయడానికే పట్టింది.

అయితే దీన్నే పట్టుకుని అన్ని చిరుగులనూ తేలిగ్గా తీసుకోకండి. బండి మీద నుంచి పడ్డాడు, పడ్డ రోజు నుంచే చెయ్యి లేవడం లేదు అంటే రబ్బరు పట్టీ చేతికిచ్చి పంపే కేసు కాదది. ఆలస్యమైతే తెగిన కొన లోపలికి ముడుచుకుపోతుంది, కుట్టడం కష్టమవుతుంది. అలాంటి ఒక పిల్లవాడికి ఇంట్లోవాళ్లు గుడ్డతో చెయ్యి కట్టేసి, అదే మానుతుందిలే అని వారాలకు వారాలు కూర్చోబెట్టారు. ప్రేమతోనే కూర్చోబెట్టారు. ఆపరేషన్ అయితే జరిగింది గానీ ఆ చేతికి పాత బలం రాలేదు.

అంజమ్మ

అంజమ్మ వాళ్లది పెద్దచెరువులో చేపలు పట్టే ఇల్లు. భర్త నర్సింహ వల వేసేవాడు, ఆమె చేపలు అమ్మేది. నా దగ్గరికి వచ్చేనాటికి అమ్మకం మానేసింది. నర్సింహకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ‘వద్దు’ అనే ఒక్క మాట మిగిలింది. కావాలన్నా అదే అంటాడు, అక్కర్లేదన్నా అదే అంటాడు.

“పెండ్లయిన కాడినుంచి గదే మాట మస్తు అన్నడు మేడం. గందుకే గదొక్కటి మిగిలింది” అని నవ్వింది.

ఆమె బాధ కుడి భుజం. కొప్పు కోడలు పెడుతోందని, ఆ పక్క మీద పండరాదని చెప్పింది. అన్ని లక్షణాలూ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. నేను లేపితే చెయ్యి పైదాకా వచ్చింది, తను లేపితే సగంలో ఆగింది. షుగర్ లేదు, మెడ బాగుంది. స్కాన్‌లో ఒక కొన కొంచెం చిరిగినట్టు వచ్చింది. డాక్టరు గారు ఒక ఇంజెక్షన్ వేశారు, నేను వ్యాయామం నేర్పాను. మోచెయ్యి నడుముకు ఆనించి రబ్బరు పట్టీని బయటికి లాగడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం, భుజం రెక్కలు వెనక్కి దగ్గరగా తేవడం. బరువులు లేపొద్దన్నాను.

“ఇంట్ల బరువులు ఏమన్న లేపుతున్నవా అక్క?”

“ఏం లేదు మేడం. నీళ్లు కోడలు తెస్తది. బియ్యం మూట కొడుకు దించుతడు.”

వారాలు నెలలయ్యాయి. కాస్త తగ్గినట్టుండేది, మళ్లీ మొదటికి వచ్చేది. డాక్టరు గారికి విసుగొచ్చింది. “ఆమె చేయట్లేదు తల్లీ. వీళ్లెవరూ చేయరు. ఇంకో ఇంజెక్షన్ వేద్దాం, అప్పటికీ కాకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం” అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేస్తే ఆ కొన ఇంకా బలహీనపడుతుందని ఆయనే నాకు నేర్పారు. పైగా ఆమె వ్యాయామం చేస్తోంది. వెనక నుంచి చూస్తే భుజం రెక్క దగ్గర కండ నిండుతోంది. చేయని మనిషికి అది రాదు.

అంజమ్మకు ఆపరేషన్ గురించి నేనే చెప్పాను, కొన్ని వారాలు చెయ్యి కట్టుకుని ఉండాల్సి వస్తుందని. ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

“చెయ్యి కట్టేస్తే ఎట్ల మేడం? ఆయనను ఎవరు లేపుతరు?”

అనేసి తలవంచుకుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను బరువుల గురించి అడిగాను, భర్తను ఆమె బరువుల్లో లెక్కేసుకోలేదు. మరునాడు మధ్యాహ్నం నేను వాళ్లింటికి పోయాను.

నులక మంచం

నర్సింహ వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. జబ్బుపడ్డవాళ్లను మెత్తగా పడుకోబెట్టాలని మనవాళ్లకు ఒక తపన. ఆ మంచం మధ్యలో లోతుగా దిగిపోయి ఉంది. అందులోంచి లేవడం ఆరోగ్యంగా ఉన్న నాకే కష్టం. కోడలు రేణుక కుర్చీ తెచ్చి వేసి, గడప అవతలే నిలబడింది.

“అక్క, అన్నను ఎట్ల లేపుతవో ఒకపారి చూపియ్” అన్నాను.

“లే అయ్యా, మేడం చూస్తదంట” అంది అంజమ్మ. వంగి, కుడి చెయ్యి ఆయన చచ్చుబడ్డ చంక కింద పెట్టి, ఎడమ చేత్తో ఆ పక్క మణికట్టు పట్టుకుని ఒక్క ఊపున గుంజింది. ఆయన బరువంతా ఆమె కుడి భుజం మీదికి వచ్చింది. పైగా అలా గుంజితే, పట్టు లేని ఆయన భుజం కీలు కూడా కిందికి జారుతుంది. రెండు భుజాలు ఒకేసారి పాడవుతున్నాయి. అంజమ్మ ముఖంలో నొప్పి ఏమీ కనపడలేదు. ఊపిరి మాత్రం ఆగింది. ఆ ఆగిన ఊపిరిని విన్నది నేనొక్కదాన్నే కాదు. నర్సింహ కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

కొడుకు శ్రీశైలం హయత్‌నగర్‌లో బస్సులు బాగుచేసే పనికి పోతాడు. పొద్దున పోయేముందు, వచ్చాక తండ్రిని బాత్రూమ్‌కు తీసుకుపోతాడు. మధ్యలో అంతా అంజమ్మే. రేణుక మంచి కండ ఉన్న పిల్ల. నువ్వు పట్టొచ్చు కదా అన్నాను.

“మామను నేనెట్ల ముట్టుకుంట మేడం?” అంది గొంతు తగ్గించి. “ఆయన ముంగట నేను కూసోను గూడ. ఆయనా ఒప్పడు, అత్తమ్మా ఒప్పది.”

నేను చెప్పులేసుకుని బయటికొస్తుంటే ఆమె నా వెనకే వచ్చింది.

“మేడం, ఇంకో ముచ్చట. మామ నీళ్లు తాగుతలేడు. గిలాస నోటికాడ పెట్టినా రొండు గుక్కలు తాగి మొఖం తిప్పుకుంటడు. మొన్న మూత్రంల మంటని దవాఖానకు తీస్కపోయినం. నీళ్లు మంచిగ తాగాలె, లేకుంటె మళ్లొస్తది అన్నరు. తాగడు. పంతం పట్టిండని మా ఆయన కోపం చేస్తడు. నాకైతే పంతమనిపిస్తలేదు.”

చెప్పులు విడిచి మళ్లీ లోపలికి పోయాను. నర్సింహ వేసుకునే గోలీలు చూడాలని చెప్పి అంజమ్మను ఇంట్లోకి పంపాను. ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన మాట మీద ఆధారపడలేం గనుక తలనూ కళ్లనూ చూస్తూ అడిగాను.

“అన్న, నీళ్లు తాగితే గొంతుల పడుతున్నదా? దగ్గొస్తదా?”

అడ్డంగా తలూపాడు.

“దూప అయితలేదా?”

ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

“తాగితే లేవాల్సొస్తదనా?”

తల మళ్లీ ఇటు తిప్పాడు. తర్వాత ఆమె పోయిన తలుపు వైపు చూశాడు. మంచి చెయ్యి, ఎడమది, మెల్లగా ఎత్తి తన కుడి జబ్బ మీద పెట్టుకున్నాడు. సరిగ్గా అంజమ్మ నాకు వేలు పెట్టి చూపించిన చోట. అక్కడ ఒత్తి, “వద్దు” అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

ఆమెకు నొప్పి ఉందని ఆ ఇంట్లో ఎవరూ ఆయనకు చెప్పలేదు. నా దగ్గరికి వచ్చే రోజుల్లో ఆయనకు అంగడికి పోతున్నానని చెప్పి వచ్చేది. ఆ ఆగిన ఊపిరిని రోజూ వింటూ ఆయన తనంతట తనే అర్థం చేసుకున్నాడు. ఆమెకు ఒక్కసారి లేపే పని తగ్గించడానికి, తన చేతిలో మిగిలిన ఒకే ఒక్క పని చేశాడు, దాహం ఓర్చుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. పేషెంట్ల ముందు ఏడవొద్దని మాకు చదువులో చెప్పారు. ఆ రోజు ఆ పాఠం గుర్తు రాలేదు.

అంజమ్మ గోలీలు పట్టుకుని వచ్చింది. దాచి లాభం లేదనిపించి ఇద్దరి ముందే చెప్పాను.

“అక్క, నీ జబ్బ నొప్పి ఈయనకు ఎరుకే. నిన్ను లేపనియ్యొద్దనే నీళ్లు తాగుతలేడు.”

ఆమె గోలీలు మంచం మీద పడేసింది. ఆ తర్వాత తిట్లు మొదలుపెట్టింది. “ఎవరు చెప్పిండ్రయ్యా నీకు? దూపతోని సస్తవా? నా జబ్బ పోతే పోనీ, నువ్వు దూపతోని సస్తే నేనేం జేసుకోవాలె ఈ జబ్బను?” తిడుతూ తిడుతూనే మంచం పక్కన కూలబడి, పట్టె మీద తల పెట్టుకుంది. నర్సింహ ఎడమ చేత్తో ఆమె కొప్పు నిమురుతూ ఉన్నాడు. రేణుక గడప అవతల కొంగు నోట్లో కుక్కుకుంది.

తువ్వాలు

ఆ రోజు నుంచి నా పేషెంట్లు ఇద్దరు. నులక మంచం తీసేయించాను. శ్రీశైలం ఒక చెక్క మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు, బాత్రూమ్ గోడకు, మంచం పక్కన గోడకు ఇనుప గొట్టాలు బిగించాడు. నర్సింహకు లేవడం నేర్పాను. పాదాలు మోకాళ్ల వెనక్కి లాక్కోవాలి, ముక్కు మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగాలి, మంచి చేత్తో గొట్టం పట్టి లేవాలి. పడుకున్న మనిషిని పైకి గుంజితే రెండింతలు బరువుంటాడు. ముందుకు వంగిన మనిషి తన బరువు తనే మోసుకుంటాడు.

మొదట్లో పక్కన పట్టేవాళ్లు ఒకరు కావాలి. అంజమ్మ పట్టకూడదు. రేణుక ముట్టుకోకూడదు. ఇక్కడ మీ చదువు పనికిరాదు, ఇంటి పద్ధతి తెలియాలి. నర్సింహ నడుముకు ఒక పొడుగాటి తువ్వాలు గట్టిగా కట్టాను. వెనక ముడి పట్టుకుంటే చాలు, మనిషి పడడు, చెయ్యి తగలదు. రేణుకను పిలిచాను.

“వద్దు” అన్నాడు నర్సింహ. ఈసారి నిజంగానే వద్దు.

“మామా, నేను నిన్ను ముట్టుకుంటలేను, తువ్వాల పట్టుకుంటున్న” అంది రేణుక, తల పక్కకు తిప్పుకుని. “అత్తమ్మ జబ్బ మానాలెనా వద్దా?”

“మస్తు సిగ్గుపడ్డవ్ తియ్. లే!” అంది అంజమ్మ.

ఆయన కళ్లు మూసుకుని ముందుకు వంగాడు, గొట్టం పట్టుకున్నాడు, లేచాడు. రేణుక ముడి పట్టుకుంది గానీ లాగాల్సిన పని పడలేదు. లేచాక కళ్లు తెరిచి, తను ఎంత ఎత్తున ఉన్నాడో చూసుకున్నాడు.

అన్నిటికంటే కష్టమైన వ్యాయామం అంజమ్మది. ఆయన లేస్తుంటే ఆమె చేతులు వాటంతట అవే ముందుకు పోయేవి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడమన్నాను. ‘నా పాణం కొట్టుకుంటది మేడం’ అనేది. కొట్టుకోనీ అనేదాన్ని. అలా నిలబడటం నేర్చుకోవడానికి ఆమెకు గోడ మీద వేళ్లు పాకించడానికంటే ఎక్కువ కాలం పట్టింది.

డాక్టరు గారికి జరిగింది చెప్పాను. వినేసి, రెండో ఇంజెక్షన్ వద్దని చీటీ మీద కొట్టేశారు. ఆ తర్వాత ఏ ఆడమనిషి భుజం నొప్పితో వచ్చినా, “ఇంట్లో ఎవరైనా పడుకుని ఉన్నారా అమ్మా?” అని అడగటం ఆయనకు అలవాటైంది. మీరు కూడా అడగండి. బరువులు లేపుతున్నారా అని అడిగితే బిందెలు, మూటలు చెబుతారు. ముసలి అత్తను, కాలు విరిగిన మామను, నడక రాని బిడ్డను చెప్పరు. వ్యాయామం చేయట్లేదని పేషెంటును తిట్టేముందు ఆ ఇల్లు ఒకసారి చూడండి. అంతకన్నా పెద్ద పరీక్ష నాకు తెలియదు.

బోనాలు అయ్యాక

బోనాలు అయిపోయాక ఒక పూట, హయత్‌నగర్ బస్సుకు ఇంకా టైముందని వాళ్లింటికి పోయాను. నర్సింహ మంచం అంచున కూర్చున్నాడు. నన్ను చూసి, ఎవరూ అడగకుండానే గొట్టం పట్టుకుని లేచి నిలబడ్డాడు, చూడు అన్నట్టు. నడుముకు తువ్వాలు లేదు. బాత్రూమ్ దాకా ఒక్కడే పోయి, ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. అంజమ్మ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. జబ్బ ఎట్లుందని అడిగాను.

“ఆ పక్క మీద పంటున్న మేడం” అంది. “కొప్పు నేనే పెట్టుకుంటున్న.”

పూర్తిగా పోయిందని నేను రాయను. ఎక్కువ పని చేసిన రోజు ఇంకా సలుపుతుందని ఆమే చెప్పింది. ఆ చిరుగు స్కాన్‌లో ఇప్పటికీ ఉంటుంది.

నీళ్ల కుండ గూట్లో ఆమె తల ఎత్తున ఉంది. మాట్లాడుతూనే కుడి చెయ్యి పైకెత్తి, మూత తీసి, చెంబుతో ముంచి గ్లాసులో పోసింది. ఏ చేత్తో ముంచిందో ఆమె గమనించలేదు. నర్సింహ గమనించాడు. చెయ్యి పైకి పోవడం, చెంబు కిందికి రావడం, అంతా చూశాడు. ఊపిరి ఎక్కడైనా ఆగుతుందేమోనని విన్నాడు. ఆగలేదు. అప్పుడు గ్లాసు తీసుకుని గటగటా మొత్తం తాగేసి, ఖాళీ గ్లాసు ఆమె ముందుకు చాపాడు.

“మెల్లగ తాగయ్యా, ఎవరన్న గుంజుకపోతరా?” అంది అంజమ్మ, మళ్లీ గూటి వైపు చెయ్యెత్తుతూ.